సొట్టల కామ్రీ: బాగు చేయించాలా, తుక్కుకు ఇచ్చేయాలా?

మొదటి రోజు, రాత్రి

సాయంత్రం ఆరున్నరకు ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ వడగళ్ల వాన హెచ్చరికతో ఒక్కసారిగా అరిచాయి. ఉత్తర టెక్సస్‌లో మార్చి నుంచి జూన్ దాకా ఇది మామూలే. మామూలే కాబట్టి ఎవరమూ కుర్చీలోంచి లేవలేదు. అదీ తప్పు.

మా గ్యారేజీ రెండు కార్లకు కట్టినదే. కొత్త కారు, బియ్యం బస్తాలు, వాడని వ్యాయామ యంత్రం కలిసి దాన్ని నింపేశాయి. 2009 నాటి టయోటా కామ్రీ వాకిట్లోనే ఉంటుంది. మొదట పడిన వడగళ్లు రేగిపండ్లంత. రెండు నిమిషాల్లో ఉసిరికాయలంత. ఇక్కడివాళ్లు వడగళ్లను నాణేలతో, బంతులతో కొలుస్తారు. క్వార్టర్ నాణెమంటే సుమారు అంగుళం, గోల్ఫ్ బంతి అంటే అంగుళం ముప్పావు. అంగుళం, ఆపైన ఉంటేనే తీవ్రమైన వడగళ్లని 2010 నుంచి ఇక్కడి వాతావరణ శాఖ లెక్క. చివరి నాలుగు నిమిషాలు మా వాకిట్లో పడినవి నిమ్మకాయలు.

ఉసిరికాయల దశలోనే మా ఆవిడ లోపలి నుంచి బొంత తెచ్చి నా చేతిలో పెట్టింది. మా అమ్మ నరసరావుపేటలో పాత చీరలతో కుట్టి ఇచ్చిన బొంత. తలమీద స్టీలు గిన్నె బోర్లించుకుని వెళ్లి ముందు అద్దం మీద, బానెట్ మీద పరిచి, రెండు అంచులూ ముందు తలుపుల సందుల్లో ఇరికించి వచ్చాను. గిన్నెకూ ఒక సొట్ట పడింది. గాలికి ఎడమ అంచు ఊడి బొంత సగం లేచింది. వెనక్కి కప్పడానికి మరో బొంత లేదు. రేకుల షెడ్డు మీద కొబ్బరికాయలు రాలుతున్నట్టు చప్పుడు, ఆ తర్వాత వేరే రకం చప్పుడు. వెనక అద్దం పోయింది. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్నది కాబట్టి పగిలినా నిలబడుతుంది. వెనకది అలా కాదు, పటికబెల్లం ముక్కల్లా మొత్తం సీట్లో కుప్పపడింది. దాని వెనకే వాన.

రెండో రోజు

ముందు నీళ్ల సంగతి. సొట్టలు ఎక్కడికీ పోవు, నీళ్లు మాత్రం ఆగవు. పొద్దున్నే డిక్కీ తెరిచి స్టెప్నీ తీస్తే గుంటలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, అడుగున గాజు. గుంటలో రబ్బరు బిరడా ఉంటుంది, అది తీస్తే నీళ్లు వాకిట్లోకి పోయాయి. వెనక సీటు కింది భాగం ముందంచు దగ్గర రెండు కొక్కేలకు తగిలించి ఉంటుంది, పైకి గట్టిగా లాగితే వచ్చేస్తుంది. సీటు ఊడదీసి ఎండలో పెట్టాను. కార్పెట్ కింద నురుగు పరుపు నీళ్లు తాగి ఉంది. పైకి చేత్తో తాకితే పొడిగానే అనిపిస్తుంది. పిడికిలితో నొక్కితే తెలుస్తుంది అసలు సంగతి. కార్పెట్ ఎత్తి కింద చెక్క ముక్కలు పెట్టి, ఒక ఫ్యాను, ఒక డీహ్యూమిడిఫయర్ రెండు రోజులు వదలకుండా నడపాలి. లేకపోతే జూన్ నాటికి కారులో కూర్చుంటే తడి గోనెసంచిలో కూర్చున్నట్టే.

గాజు ముక్కలు మూడుసార్లు వాక్యూమ్ చేశాను. సీటు బెల్టు బకిళ్లలో కూడా దూరాయి.

రెండో రోజు, రాత్రి

కొత్త కారు బయటపెట్టి కామ్రీని లోపలికి తెచ్చాం. పగటి వెలుతురులో సొట్టలు సగమే కనబడతాయి. గ్యారేజీ లైట్లు ఆర్పి, పొడవాటి ట్యూబులైటు ఒకటి చేత్తో పట్టుకుని రేకు మీదుగా అడ్డంగా జరిపితే, రేకులో కనిపించే తెల్లటి గీత సొట్ట దగ్గర మెలిక తిరుగుతుంది. మెలిక తిరిగిన ప్రతిచోటా మా అమ్మాయి పసుపు మార్కరుతో చుక్క పెట్టింది. దానికి వచ్చే నెల పదిహేనేళ్లు నిండుతాయి. అంటే టెక్సస్‌లో లెర్నర్ లైసెన్సు వయసు. ఈ కారు తనకే అనుకుంటూ ఉన్నాం కాబట్టి చుక్కలు కాస్త బాధగానే పెట్టింది.

రూఫ్ మీద 74. డిక్కీ మూత మీద 42. బానెట్ మీద 31. తలుపులు, ఫెండర్లు అన్నీ కలిపి 29. రూఫుకు రెండు పక్కలా తలుపుల పైన ఉండే దూలాల మీద 11. మొత్తం 187. బానెట్ మీది 31లో 27 ఎడమ పక్కనే, అంటే బొంత లేచిపోయిన చోట. కుడి పక్కన నాలుగే. ఈ లెక్క ఫోటో తీసి అమ్మకు పంపాను.

ఇంకో చిన్న పరీక్ష. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి బానెట్‌కు పెడితే అంటుకుంది, అంటే ఉక్కు రేకు. అల్యూమినియం అయితే అంటుకోదు, సొట్టలు తీసే కూలీ కూడా ఎక్కువ అడుగుతారు. గోటితో చుక్కచుక్కా గీకి చూశాం, రంగు ఎక్కడా పగల్లేదు. ఇది ముఖ్యం. రంగు పగలకపోతే, పెయింటు జోలికి పోకుండా లోపలి నుంచి సన్నటి ఇనుప కడ్డీలతో రేకును కొద్దికొద్దిగా నెట్టి సొట్ట తీయవచ్చు. పగిలితే ఆ దారి మూసుకుపోయినట్టే, తుప్పు కూడా మొదలవుతుంది.

నాలుగో రోజు

బీమా సంస్థ తరఫున నష్టం లెక్కకట్టే అడ్జస్టర్ వచ్చి ఇరవై నిమిషాల్లో చూసి వెళ్లాడు. నా పసుపు చుక్కలు చూసి నవ్వాడు, కానీ అవే లెక్కపెట్టుకున్నాడు. వాళ్ల పట్టికలో ప్రతి రేకుకూ ఒక వరుస. ఎన్ని సొట్టలు, ఏ నాణెమంత, లోపల చెయ్యి పోతుందా లేదా అన్నదాన్ని బట్టి ధర. దూలాల మీది 11 సొట్టలకే అతను ఎక్కువ సేపు పట్టాడు. అక్కడ రేకు రెండు పొరలు, లోపలికి కడ్డీ వెళ్లే దారి ఉండదు.

సాయంత్రానికి అంచనా వచ్చింది. విడి భాగాలు, కూలీ కలిపి 5,580 డాలర్లు. రంగు సామగ్రి, రంగు కూలీ 1,900. పన్ను 280. మొత్తం 7,760. వడగళ్లకు ముందు కారు విలువ 5,350 అని రాశారు. కాబట్టి ‘టోటల్’.

ఈ మాట వినగానే మా ఇంట్లో కారు చచ్చిపోయినట్టే మాట్లాడటం మొదలుపెట్టారు. ఇంజను మీద ఒక్క గీత లేదు. 1,38,000 మైళ్లు తిరిగింది, గేర్లు వెన్నలా పడతాయి, నిరుడు నాలుగు టైర్లూ, షాకులూ మార్చాను. టోటల్ అన్నది బీమావాళ్ల కూడికల తీసివేతల్లో వచ్చే ఒక ఫలితం. బాగు చేయడానికి అయ్యేదీ, సొట్టలతో అమ్మితే వచ్చేదీ కలిపి చూసి, కారు ధర కంటే ఎక్కువైతే బాగు చేయడం వాళ్లకు గిట్టదు. పాత కారుకు ధర తక్కువ. కాబట్టి దానిమీద వడగళ్లు పడితే దాదాపు ప్రతిసారీ టోటలే. అదే దెబ్బలు మా కొత్త కారుకు తగిలి ఉంటే మారుమాట లేకుండా బాగు చేయించేవారు.

ఐదో రోజు

హైదరాబాదు నుంచి బామ్మర్ది ఫోను. “ఐడీవీ ఎంత బావా?” అన్నాడు మొదటి మాటే. అక్కడ పాలసీ తీసుకునే రోజే కారు విలువ ఐడీవీ పేరుతో కాగితం మీద రాసి ఉంటుంది. బాగు చేసే ఖర్చు అందులో 75 శాతం దాటితే మొత్తం నష్టం కింద లెక్క. బేరం ఉంటే గింటే పాలసీ తీసుకునేటప్పుడే. ఇక్కడ అలా ముందే రాసుకున్న విలువ లేదు. నష్టం జరిగాక, జరగడానికి ఒక నిమిషం ముందు ఈ కారు మార్కెట్లో ఎంత పలికేదో చూసి చెబుతారు. అంటే చెప్పిన అంకె రాతిమీద గీత కాదు, ఒక అభిప్రాయం. వాడితో మాట్లాడుతుండగా నాకే వెలిగింది ఈ సంగతి. నాలుగో రోజు రాత్రంతా 5,350ని తలరాత అనుకుని కూర్చున్నాను.

ఆరో రోజు

విలువ ఎలా కట్టారో రిపోర్టు అడిగి తెప్పించుకున్నాను. అడిగితే ఇస్తారు, అడక్కపోతే చెక్కు ఇస్తారు. పదకొండు పేజీలు, మూడు తప్పులు. నాది ఎల్‌ఈ, అంటే బేస్ కంటే పై రకం, వాళ్లు బేస్ మోడల్ అని రాశారు. పోల్చడానికి తీసుకున్న నాలుగు కార్లలో ఒకటి 1,90,000 మైళ్లు తిరిగింది. టైర్లు ‘అరిగినవి’ అని కొంత కోత పెట్టారు.

టైర్ల రసీదు, షాకుల రసీదు, తలుపు పక్కన ఉండే స్టిక్కరు ఫోటో, యాభై మైళ్ల లోపల అమ్మకానికి ఉన్న ఐదు ఎల్‌ఈ కార్ల ప్రకటనలు జతచేసి మెయిల్ పంపాను. కోపం ఎక్కడా చూపించలేదు. ఉత్తరం మొత్తం ఏడు వాక్యాలు. మా ఆవిడ చదివి, ఇంత మర్యాదగా నాకెప్పుడూ రాయలేదేమని అడిగింది.

ఏడో రోజు

అసలు మెలిక ఇక్కడ ఉంది, చాలామంది దీన్ని చూసుకోరు. టోటల్ అయిన కారును మనమే ఉంచుకోవచ్చు. తుక్కు కింద దానికి వచ్చే ధరను మన డబ్బులోంచి కోసుకుంటారు, అంతే. నా కారుకు ఆ ధర 740. అయితే ఉంచుకున్న తర్వాత దాని టైటిల్ ఏమవుతుంది? టైటిల్ అంటే మన ఆర్‌సీ లాంటి యాజమాన్య పత్రం. దానిమీద సాల్వేజ్, అంటే భారీగా దెబ్బతిన్న బండి అన్న ముద్ర పడితే రోడ్డెక్కకూడదు. ముందు బాగు చేసి, చేసిన పని కాగితాల మీద చూపించి, మళ్లీ ‘రీబిల్ట్’ టైటిల్ తెచ్చుకోవాలి. ఆ ముద్ర బండి ఉన్నంతకాలం పోదు.

టెక్సస్ చట్టంలో సాల్వేజ్ నిర్వచనం బీమావాళ్ల టోటల్ లాంటిది కాదు. బాగు చేసే ఖర్చు నష్టానికి ముందున్న విలువను మించాలి. ఆ ఖర్చులో రంగు సామగ్రి, రంగు కూలీ కలపకూడదు. పన్ను కూడా కలపకూడదు. ఇది రెండుసార్లు చదివి, పెన్సిలు తీసుకున్నాను. 7,760లో రంగు 1,900, పన్ను 280 తీసేస్తే 5,580. వాళ్లు కట్టిన విలువ 5,350. అంటే ఈ లెక్క ఒక్కటే చూస్తే 230 డాలర్ల తేడాతో నా కారు సాల్వేజ్. కానీ అదే చట్టం ‘నష్టం’ అన్న మాటకు ఇచ్చిన అర్థంలో వడగళ్ల దెబ్బలను కలపలేదు, కాబట్టి విలువ ఎంత కట్టినా వడగళ్ల వల్ల మాత్రం కారు సాల్వేజ్ కాదు.

ఆరో రోజు మెయిల్ నాలుగు డబ్బులు ఎక్కువ రావాలని పంపాను. ఏడో రోజు టైటిల్ మాత్రం దానిమీద ఆధారపడి లేదని తెలిసింది. అయినా వెంటనే ఇంకో రెండు వాక్యాలు పంపాను: కారు నేనే ఉంచుకుంటే రవాణా శాఖకు సాల్వేజ్ అని రిపోర్టు పంపుతారా, పంపరా? జవాబు రాతపూర్వకంగా కావాలి.

తొమ్మిదో రోజు

నన్ను నేనే అనుమానించుకున్న రోజు. మా వీధి చివర పార్కింగ్ స్థలంలో సొట్టలు తీసేవాళ్లు డేరా వేశారు. వడగళ్లు ఎక్కడ పడితే అక్కడికి వసంతమంతా ఊరూరా తిరిగే మనుషులు వీళ్లు. ఒకతను కారు చూసి, రూఫు లోపలి లైనింగు దించి కడ్డీలతో తీస్తానని, దూలాల మీద మాత్రం పూర్తిగా రావని నిజాయితీగా చెప్పాడు. అద్దాలు కాకుండా 3,400 అడిగాడు. అతని పని పక్క కారు మీద అరగంట నిలబడి చూశాను. లైటు పలక మీది గీతల నీడ సొట్టలో ఉంగరంలా ముడుచుకుని ఉంటుంది. కడ్డీ కొస సరిగ్గా దాని కిందికి తెచ్చి, చిటికెన వేలంత బలంతో ముప్పై నలభైసార్లు నెడతాడు. ఉంగరం నెమ్మదిగా విప్పుకుని గీత తిన్నగా అవుతుంది. ఎక్కువ నెడితే రేకు మొటిమలా పైకి లేస్తుంది, అప్పుడు ప్లాస్టిక్ మేకుతో పైనుంచి తట్టి దించుతాడు. చూడముచ్చటైన పని. ఆరు వేల కారుకు 3,400 పెట్టి చేయించేది మాత్రం కాదు.

కారు ఇచ్చేస్తే చేతికి వచ్చే డబ్బుతో ఏం దొరుకుతుందో కూడా వెతికాను. ఇలాంటిదే ఇంకో పాత కారు, దాని చరిత్ర నాకు తెలియదు, పైన 6.25 శాతం అమ్మకపు పన్ను. కొన్నిటికి ఫోటోలలో రూఫ్ మాత్రం కనబడకుండా జాగ్రత్తగా తీశారు.

పదకొండో రోజు

కొత్త విలువ 6,100. సాల్వేజ్ రిపోర్టు పంపబోమని మెయిల్లో రాశారు, కారణం కూడా నేను చట్టంలో చదివిందే. 6,100లో డిడక్టిబుల్, అంటే మనమే భరించాల్సిన వాటా 1,000, తుక్కు విలువ 740 పోగా చేతికి 4,360. ఇచ్చేసి ఉంటే 5,100. అంటే నా కారును నేనే 740 డాలర్లకు కొనుక్కున్నాను. ఈ ఊళ్లో ఇంత మంచి బేరం ఎవరికీ దొరికి ఉండదు.

ఉంచుకుంటున్నాం. లోపలికి నీళ్లు రానిచ్చేవి, చట్టం అడిగేవి మాత్రం బాగు చేస్తాను. సొట్టలు సొట్టలుగానే ఉంటాయి. టెక్సస్‌లో సొంత కార్లకు భద్రతా తనిఖీ 2025 జనవరి నుంచి ఎత్తేశారు. మా కాలిన్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రం ఉంది, దానికి సొట్టలతో పనిలేదు. తనిఖీ లేదని పగిలిన వెనక లైటుతో తిరగలేం కదా.

పదమూడో రోజు

వెనక అద్దం మనిషి ఇంటికే వచ్చి బిగించి వెళ్లాడు, 340. పాత జిగురును కత్తితో పలుచగా కోసి, రంగు లేచిన రెండుచోట్ల ప్రైమరు పూసి, ఆ తర్వాతే కొత్త జిగురు వేశాడు. ఆ ప్రైమరు పూయకపోతే రెండేళ్లలో అక్కడి నుంచే తుప్పు. మంచు కరిగించే తీగల కనెక్షన్ కూడా చూసుకున్నాం, పనిచేస్తోంది.

ముందు అద్దం మీద బొంత అంచు దగ్గర చిన్న నక్షత్రం లాంటి చిట్లు ఉంది. పన్నెండు డాలర్ల కిట్ తెచ్చాను. లోపలి గాలి లాగేసి, రెజిన్ ఎక్కించి, పైన ప్లాస్టిక్ ముక్క అంటించి ఎండలో పావుగంట వదిలితే గట్టిపడింది. మచ్చ దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. పాకకపోతే చాలు.

పదిహేనో రోజు

తుక్కు యార్డుకు వెళ్లాం, నేనూ అమ్మాయీ. మన పనిముట్లు మనమే తీసుకెళ్లి, కావలసిన భాగం మనమే ఊడదీసుకోవాలి. ఎడమ వెనక లైటు, కుడి సైడ్ మిర్రర్ వెనక డొప్ప, వీలైతే సొట్టల్లేని డిక్కీ మూత కావాలి. మూడోదాని గురించి నేను ఆలోచించని విషయం ఒకటుంది. యార్డుకు కప్పు ఉండదు. మా ఇంటి మీద పడిన వడగళ్లే అక్కడా పడ్డాయి. వరుసగా ఐదు కామ్రీలు, ఐదింటి మూతలూ నాదానికంటే ఘోరం. వాన తర్వాత వచ్చిన ఒక తెల్ల కారుది మాత్రం నున్నగా ఉంది. వెండిరంగు కారుకు తెల్ల మూత వద్దని అమ్మాయి తేల్చేసింది. సొట్టలైనా ఒకే రంగులో ఉంటాయంది.

లైటు, డొప్ప కలిపి 48 డాలర్లు. లైటు ఊడదీసింది తనే. డిక్కీ లోపలి లైనింగు గుబ్బలు పీకి, మూడు నట్లు విప్పి, లైటును నేరుగా వెనక్కి లాగాలి, పక్కకు తిప్పితే పక్కనున్న ప్లాస్టిక్ మేకు విరుగుతుంది. మొదటిదాని మేకు విరిచింది. రెండో కారు దగ్గర విరవలేదు.

పదిహేడో రోజు

ఊరుకోలేక జిగురు పద్ధతి ప్రయత్నించాను. వేడి జిగురుతో ప్లాస్టిక్ గుబ్బను సొట్ట మధ్యలో అంటించి, చల్లారాక చిన్న లివరుతో లాగడం. బానెట్ ఎడమ పక్కన తొమ్మిది సొట్టల మీద చేశాను. నాలుగు దాదాపు పోయాయి. మూడు కొంత తగ్గాయి. ఒకటి కదల్లేదు. ఒకటి మొటిమైంది, ఇప్పుడు అదే అన్నిటికంటే ముందు కనబడుతోంది. జిగురు వదలడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు చుక్కలు చాలు, గోటితో పీకకూడదు. హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి చల్లటి గాలి కొడితే సొట్ట దానంతట అదే పోతుందని చూపించే వీడియోలు ఉన్నాయి. నావి పోలేదు, రేకు వెచ్చబడి చల్లబడింది.

డిక్కీ, రూఫ్ జోలికి వెళ్లలేదు. తొమ్మిది సొట్టలకు ఒక ఆదివారం పోయింది. ముట్టనివి ఇంకా 178.

ఇరవై రెండో రోజు

బీమా మార్చాను. ఇప్పుడున్న సొట్టలకు డబ్బు తీసేసుకున్నాం కాబట్టి మళ్లీ వడగళ్లు పడ్డా ఇదే రేకులకు పెద్దగా ఏమీ రాదు. సమగ్ర బీమా తీసేసి, మన వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఉండే లయబిలిటీ మాత్రం ఉంచాను. చట్టం అడిగే కనీసం 30/60/25 వేల డాలర్లు: ఒక మనిషి గాయాలకు, ఒక ప్రమాదంలో అందరి గాయాలకు, ఎదుటివాళ్ల ఆస్తికి. కొత్తగా నేర్చుకునే పిల్ల నడుపుతుంది కాబట్టి నేను అంతకంటే బాగా ఎక్కువే పెట్టాను. ఇప్పటిదాకా చేతి ఖర్చు 340, 48, కిట్లు రెండూ కలిపి 51, కొత్త వైపరు బ్లేళ్లు 30. మొత్తం 469.

ఇరవై ఆరో రోజు

రాత్రి గట్టి వాన, వడగళ్లు లేవు. పడుకునే ముందు స్టెప్నీ గుంటలో, వెనక సీటు కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి ఉంచాను. పొద్దున చూస్తే గుంటలోవి పొడిగా ఉన్నాయి, సీటు కిందవి కూడా. ఎడమ లైటు వెనక పెట్టిన కాగితం మూల మాత్రం అణా బిళ్లంత మేర తడిసింది. లైటు రబ్బరు గాస్కెట్ పాతది, యార్డుది. శనివారం కొత్తది వేయాలి.

బొంత ఉతికి, మడిచి, డిక్కీలోనే పెట్టేసింది మా ఆవిడ.